మిస్టరీ ఐలాండ్‌లో ఓడ ఆగినప్పుడు: బేరమాడడం అంత తప్పా?

శరత్‌వెన్నెల
గత నెల సిడ్నీ నుంచి క్రూయిజ్‌లో వెళ్ళి వచ్చాం. పసిఫిక్ సముద్రంలోని వనువాటు దేశానికి దక్షిణపు కొసన మిస్టరీ ఐలాండ్ అనే చిన్న దీవి దగ్గర ఓడ ఒక పగలంతా ఆగింది. నీళ్ళు, ఇసుక, రంగు రంగుల చేపలు, అన్నీ అద్భుతం. ఆ సంగతి ఎవరైనా చెబుతారు. నా మనసులో ఉన్నది వేరు.

జెట్టీ దాటగానే చెట్ల కింద వరుసగా దుకాణాలు. ఒక పెద్దావిడ మొగలి ఆకుతో అల్లిన బుట్టలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఒకటి నాకు బాగా నచ్చింది. ఇరవై డాలర్లు అన్నారు. మావారు అలవాటు కొద్దీ "పన్నెండుకి ఇవ్వండి" అన్నారు. ఆవిడ ముఖంలో నవ్వు ఆగిపోయింది. గొడవ పడలేదు, కాదనలేదు. కళ్ళు దించుకుని బుట్ట మా చేతిలో పెట్టి, ఇచ్చిన పన్నెండూ తీసుకున్నారు. ఓడ ఎక్కాక భోజనాల దగ్గర ఒకావిడ "అక్కడ బేరమాడకూడదు, చిన్నబుచ్చినట్టు తీసుకుంటారు" అని చెప్పారు. ఆ బుట్ట ఇప్పుడు మా హాల్లో ఉంది. చూసినప్పుడల్లా ముల్లు గుచ్చుకున్నట్టు ఉంటోంది.

ఓడలో రెండు రోజుల ముందు నుంచీ మైకులో ఎన్నో చెప్పారు. పడవల వేళలు, తువ్వాళ్ళు ఎక్కడ ఇస్తారు, ఏ టూరుకి ఎంత తగ్గింపు. ఈ ఒక్క మాట కూడా చెప్పి ఉంటే సరిపోయేది కదా! వచ్చే జులైలో అత్తయ్యను, మావయ్యను తీసుకుని మళ్ళీ ఆ దారినే వెళ్తున్నాం. మాకు తెలియనివి ఇంకా ఏమేమి ఉన్నాయో చెప్పండి. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, అది కూడా దృష్టిలో పెట్టుకోండి.

తెరచాప
అక్కడ బేరం లేదండి. చెప్పిన ధరే ధర. నచ్చితే కొనుక్కోవాలి, లేకపోతే నవ్వి ముందుకు నడవాలి. కొనకపోయినా వాళ్ళు ఏమీ అనుకోరు.

లెక్కలమాస్టారు
నేను ఒప్పుకోను. కొనేవాడు ఒక ధర అడగడం, అమ్మేవాడు ఒక ధర చెప్పడం ప్రపంచమంతా ఉన్నదే. ఓడ వచ్చిన రోజున ధర పెంచి చెబుతారన్నది అందరికీ తెలుసు. ఆవిడకి గిట్టకపోతే ఇవ్వనని అనవచ్చు కదా. ఇచ్చారంటే గిట్టిందనే అర్థం. దీనికి మీరు ఇంత బాధపడనక్కర లేదు.

అలమీదఅల
మాస్టారూ, మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కే చెబుతాను. మిస్టరీ ఐలాండ్ అసలు పేరు ఇన్యెగ్. అందులో ఎవరూ ఉండరు. దుకాణాల వాళ్ళంతా ఎదురుగా ఉన్న అనెయిట్యుమ్ అనే పెద్ద దీవి నుంచి చిన్న మోటారు పడవల్లో పొద్దున్నే వస్తారు. 2009 జనాభా లెక్కల ప్రకారం ఆ పెద్ద దీవిలో ఉన్నది 915 మంది. మనం దిగే ఓడలో రెండు వేల మంది ఉంటారు. అంటే ఒక ఊరి మీదికి ఆ ఊరి జనానికి రెట్టింపు చుట్టాలు ఒకే పూట దిగినట్టు. సాయంత్రానికి అందరం వెళ్ళిపోతాం. మళ్ళీ ఓడ ఎప్పుడు వస్తుందో, వచ్చినా సముద్రం బాగా లేక కెప్టెన్ పడవలు దించనంటాడో, ఆవిడ చేతిలో లేదు. అలాంటప్పుడు "ఇవ్వను" అనడం మీరనుకున్నంత తేలిక కాదు.

లెక్కలమాస్టారు
జనాభా సంగతి నాకు తెలియదు. ఆలోచించవలసిన మాటే. అయినా ధర అడగడం అవమానం ఎలా అవుతుందో ఇంకా అర్థం కాలేదు.

పగడపుతోట
మాస్టారు గారి ప్రశ్న న్యాయమైనదే. నేను వనువాటు రాజధాని పోర్ట్ విలాలో రెండేళ్ళు ఉద్యోగం చేశాను, నాకు అర్థమైనంత చెబుతాను. కొంచెం పొడుగవుతుంది.

వనువాటు పల్లెల్లో అంగడి బేరం అనేది సంప్రదాయంలో లేదు. ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. చాపలు, పందులు, కంద, కవా (వేరు దంచి పానీయం చేసుకునే మొక్క) ఒక కుటుంబం నుంచి మరో కుటుంబానికి వెళ్తాయి, ఎప్పుడో తిరిగి వస్తాయి. దానిలో గౌరవం ఉంటుంది. పోర్ట్ విలా మార్కెట్లో కూడా కంద దుంపల కుప్ప మీద చీటీ పెట్టి ఉంటుంది. ఎవరూ తగ్గించమని అడగరు. బుట్ట అల్లిన మనిషి చెప్పిన ధర తన పనికి తాను కట్టుకున్న విలువ. దాన్ని తగ్గించమంటే "నీ పని అంత చేయదు" అన్నట్టు వినిపిస్తుంది. మనకు బేరం ఒక సరదా సంభాషణ, వాళ్ళకు కాదు. చెల్లించిన దాని మీద అదనంగా చేతిలో డబ్బు పెట్టడం కూడా అక్కడి అలవాటు కాదు. ఇవ్వాలని ఉంటే ఇంకొక వస్తువు కొనండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. వనువాటు 1980 జులై 30న స్వాతంత్ర్యం తెచ్చుకున్నప్పుడు రాజ్యాంగంలో ఒక మాట రాసుకున్నారు: దేశంలోని భూమి అంతా స్థానిక సంప్రదాయ యజమానులకూ వారి వారసులకూ చెందుతుంది. అంతకు ముందు బ్రిటన్, ఫ్రాన్స్ కలిసి పాలించిన రోజుల్లో భూములు చేతులు మారిపోయిన బాధ అది. కాబట్టి ఖాళీగా కనబడే ఏ ఇసుక తీరమూ ఎవరిదీ కానిది కాదు. ఏదో ఒక కుటుంబానిది. ఎదురుగా ఉన్న నీళ్ళ మీదా పగడపు దిబ్బల మీదా కూడా ఆ ఊరి వాళ్ళ మాటే చెల్లుతుంది. ఓడ కంపెనీ మనకు చూపించే పటంలో అది కనబడదు.

అందుకే ఒక గుర్తు తెలుసుకుని వెళ్ళాలి. నమేలె అనే చెట్టు ఉంటుంది, ఈత మట్టల్లా ఉండే ఆకులు. వాళ్ళ జాతీయ జెండా మీద పంది కోర లోపల రెండు ఆకులు అడ్డంగా ఉంటాయి కదా, అవే. ఆ ఆకు ఎక్కడైనా కర్రకు కట్టి ఉన్నా, దారికి అడ్డంగా పెట్టి ఉన్నా, దిబ్బ మీద గుచ్చి ఉన్నా అది "తబు". అటు వెళ్ళకూడదు, అక్కడ ఏదీ ముట్టకూడదు. కంచె కన్నా బలమైనది. ఎండిన మట్ట అనుకుని తీసి పక్కన పడేసిన ప్రయాణికుణ్ణి నా కళ్ళతో చూశాను. ఊరి పెద్ద చాలాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడిపోయాడు. ఆ మౌనం చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

శరత్‌వెన్నెల
పగడపుతోట గారూ, ఆ మౌనం నాకు తెలుసు. బుట్ట దగ్గర నేను చూసింది అదే.

లెక్కలమాస్టారు
ఇప్పుడు అర్థమైంది. నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ జెండా ఎన్నోసార్లు చూశాను కానీ మీద ఉన్నది ఆకులని తెలియదు.

ఉప్పుగాలి
ఇక మోకాళ్ళ సంగతి. అక్కడ పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. సముద్రంలోనే ఆగుతుంది, టెండర్లు అనే చిన్న పడవల్లో జెట్టీకి చేరుస్తారు. ఓడ నుంచి పడవలోకి అడుగు వేసే చోట పడవ అల మీద పైకీ కిందకీ ఊగుతుంది. సిబ్బంది ఇద్దరు చెరో చెయ్యి పట్టుకుంటారు. వాళ్ళు "ఇప్పుడు" అన్నప్పుడే అడుగు వేయాలి, సగంలో ఆగకూడదు. మా నాన్నగారు ఆగారు, మోకాలు మెలిక పడింది, ఆ రోజంతా గదిలోనే. రెండు చేతులూ ఖాళీగా ఉంచండి, సామాను అంతా వీపు మీద సంచిలో. ఎక్కువ గాలి ఉన్న రోజు అత్తయ్య గారిని బలవంతపెట్టకండి. చేతికర్ర ఉంటే తీసుకువెళ్ళండి, ఇసుకలో నడవడానికి పనికొస్తుంది.

చిన్నిఅల
దీవి చుట్టూ తిరిగి రావడానికి ఎంత సేపు పడుతుంది? మా అబ్బాయికి ఆరేళ్ళు.

ఉప్పుగాలి
నెమ్మదిగా నడిచినా గంటలోపే. కానీ చెప్పులు లేకుండా వద్దు, మధ్యలో పగడపు ముక్కలు కత్తుల్లా ఉంటాయి.

బాటసారి
దీవి మధ్యలో గడ్డి మైదానంలా పొడుగ్గా కనబడేది విమానాల రన్‌వే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేసినది. ఇప్పటికీ చిన్న విమానాలు దిగుతాయి, అనెయిట్యుమ్ వాళ్ళకు విమానాశ్రయం అదే. అక్కడ తువ్వాలు పరుచుకుని పడుకున్న వాళ్ళను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

నీలాంబరి
పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ముందే చెబుతున్నాను, ఓడలోని పళ్ళు, శాండ్‌విచ్‌లు ఒడ్డుకు తీసుకెళ్ళనివ్వరు. పురుగులు, తెగుళ్ళు దీవికి పాకుతాయని. మా పాప సంచిలో ఆపిల్ ఉందని మెట్ల దగ్గర తీసి పక్కన పెట్టించారు. మొదట కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, వాళ్ళ తోటలే వాళ్ళ భోజనం. ఒక తెగులు వస్తే ఊరంతా పస్తు. నీళ్ళ సీసా మాత్రం తప్పనిసరిగా తీసుకెళ్ళండి. ఒడ్డున కొబ్బరి బోండాలు దొరుకుతాయి.

తెరచాప
బోండాం కొట్టే అబ్బాయి ఒక్క వేటుకి మూత లేపేస్తాడు. మా మావయ్య కోనసీమ మనిషి, ఆ వేటు చూసి ముచ్చటపడి మూడు బోండాలు తాగారు. కొట్టించి చూడడం కోసం నాలుగోది కూడా అడిగారు.

నీలాంబరి
మూడే నయం! మావారు ఐదు.

ఈతకొలను
స్నార్కెలింగ్ (మాస్క్, గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ కింద చూడడం) గురించి ఎవరూ రాయలేదు. నేను ఈత నేర్పుతాను, కాబట్టి ఇది నా బాధ్యత అనుకుని రాస్తున్నాను.

సముద్రం కొలను కాదు. ఈత బాగా వచ్చినా జంటగానే దిగండి. నీళ్ళలోకి వెళ్ళే ముందు అక్కడి వాళ్ళనే "నీటి లాగుడు ఎటు ఉంది?" అని అడగండి. మాస్క్ తొడుక్కోవడం, గొట్టంతో ఊపిరి తీయడం నడుము లోతులో సాధన చేశాక ముందుకు వెళ్ళండి. పెద్దవాళ్ళకు, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు తేలే జాకెట్టు లేకుండా వద్దు. ఆయాసం మొదలైతే మొహమాటపడకుండా వెంటనే చెయ్యెత్తి పిలవండి.

పగడం మీద నిలబడకండి. అది రాయి కాదు, ప్రాణమున్న జీవుల కాలనీ. చాలా రకాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లే పెరుగుతాయి. మనం ఒక్క కాలు పెడితే ఎన్నో ఏళ్ళ పెరుగుదల విరుగుతుంది. మనకూ మంచిది కాదు, ఆ గీతలు త్వరగా చీము పడతాయి. గీసుకుంటే వెంటనే మంచినీళ్ళతో, సబ్బుతో కడిగి ఓడ డాక్టరుకు చూపించండి. తాబేలు కనబడితే వెంటపడకండి. ఊపిరి పీల్చుకోవడానికి అది పైకి రావాలి, చుట్టూ మనుషులు మూగితే రాలేదు.

అందమైన శంఖం లాంటి గవ్వ నీళ్ళలో కనబడినా చేతితో తీయవద్దు. శంకువు ఆకారంలో ఉండే కొన్ని నత్తలు సూది లాంటి పంటితో విషం ఎక్కిస్తాయి. మనిషి చనిపోయేంత విషం. పిల్లలకు ఇది ముందుగానే చెప్పి ఉంచండి.

చిన్నిఅల
మా అబ్బాయికి ఇప్పుడే చదివి వినిపించాను. "అయితే గవ్వలకు నమస్కారం పెట్టి వచ్చేస్తాను" అన్నాడు.

అలమీదఅల
సన్‌స్క్రీన్ సంగతి కూడా. పలావు దేశం 2020లో, హవాయి 2021లో ఆక్సీబెంజోన్ వంటి రసాయనాలున్న సన్‌స్క్రీన్‌లను నిషేధించాయి, పగడాలకు చేటు అని. నేను మాత్రం పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటాను. వీపుకి పూసుకోవడమూ తప్పుతుంది, నీళ్ళలో కలవడమూ తప్పుతుంది. మిగిలిన చోట జింక్ ఆక్సైడ్ ఉన్నది రాసుకోండి.

బాటసారి
ప్లాస్టిక్ సంచులు కూడా ఓడలోనే వదలండి. వనువాటు 2018 జులై నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచులనూ స్ట్రాలనూ నిషేధించింది. మన చెత్త మనమే వెనక్కి తేవాలి, ఆ దీవిలో దాన్ని పట్టుకెళ్ళే బండి ఏదీ రాదు.

గోరింటాకు
నాకు ఇబ్బంది అనిపించింది ఇంకొకటి. అక్కడ పెద్ద బాన పెట్టి, అందులో మనం కూర్చుంటే "నరమాంస భక్షకుల వంట" అని ఫొటో తీయించుకునే ఏర్పాటు ఉంది. జనం వరుసకట్టి నవ్వుతూ దిగుతున్నారు. నాకు చూడబుద్ధి కాలేదు. ఒక జాతి గతాన్ని అలా ఆటబొమ్మ చేయడం తప్పు కాదా?

తెరచాప
ఆ బాన పెట్టింది అక్కడి వాళ్ళేనండి. ముఖాలకు రంగులు వేసుకుని బాణాలు పట్టుకుని వాళ్ళే నవ్విస్తారు. ఆ డబ్బులు వాళ్ళకే. వాళ్ళు తమ చరిత్రతో ఏమి చేసుకోవాలో మనం ఎలా చెబుతాం?

గోరింటాకు
వాళ్ళను తప్పుపట్టడం లేదు. ఓడ వాళ్ళు కోరుకునేది అదేనని తెలిసి అలా పెట్టారేమో అని నా బాధ.

పగడపుతోట
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. 1839లో పక్కనున్న ఎరొమాంగో దీవిలో జాన్ విలియమ్స్ అనే మిషనరీని చంపారు. 2009లో ఆ దీవి వాళ్ళు ఆయన వారసులను పిలిచి, ఎదురెదురుగా నిలబడి క్షమాపణ చెప్పి సంధి చేసుకున్నారు. అంటే ఆ గతం వాళ్ళకు నవ్వులాట మాత్రమే కాదు. నేను ఆ బానలో కూర్చోను. కూర్చున్నవాళ్ళను తప్పుపట్టను. కానీ అక్కడి పిల్లలను చూపించి "వీళ్ళు ఇప్పటికీ తింటారా?" అని గట్టిగా అడగడం విన్నాను, అది మాత్రం దారుణం. వాళ్ళకు ఇంగ్లీషు వచ్చు. బిస్లామా, ఫ్రెంచితో పాటు అది కూడా వాళ్ళ అధికార భాషే.

వేకువచుక్క
గోరింటాకు గారి మాటకు ఒకటి జోడిస్తాను. నాకు ఆ ప్రాంతపు చరిత్ర చదవడం ఇష్టం. మనం విహారానికి వెళ్ళే ఆ దీవికి మొదట్లో వచ్చిన ఓడలు గంధపు చెక్క కోసం వచ్చాయి. 1840లలో ఒక వ్యాపారి ఈ ఇన్యెగ్ దీవి మీదే మకాం పెట్టాడు. రాత్రిళ్ళు అక్కడ ఆత్మలు తిరుగుతాయని నమ్మి అనెయిట్యుమ్ వాళ్ళు కాపురం ఉండేవాళ్ళు కారు. 1848లో మిషనరీలు వచ్చారు. 1861లో ఓడల వెంట తట్టు వచ్చింది. దాదాపు మూడో వంతు జనం పోయారు. తర్వాత ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ చెరకు తోటలకు 1863 నుంచి 1904 దాకా పసిఫిక్ దీవుల వాళ్ళను దాదాపు 62,000 మందిని తరలించారు. కొందరిని మోసపుచ్చి, కొందరిని బలవంతంగా. ఇది చదివినప్పుడు నాకు ఫిజీకి గిర్మిటియాలుగా, అంటే ఒప్పంద కూలీలుగా వెళ్ళిన మన తెలుగువాళ్ళు గుర్తొచ్చారు. అదే సముద్రం, అదే చెరకు.

అందుకని ఒక చిన్న విన్నపం. జలుబు, జ్వరం, దగ్గు, కడుపులో తేడా, ఏది ఉన్నా ఆ రోజు ఒడ్డుకు దిగకండి. డబ్బు కట్టాం కదా అని మాత్ర వేసుకుని దిగేవాళ్ళను చూస్తున్నాం. పెద్ద ఆసుపత్రి దరిదాపుల్లో లేని ఊరు అది. 1991లో ఊరంతా కలిసి మందులు మింగి, దోమతెరలు కట్టుకుని మలేరియాను దీవి నుంచి తరిమేసిన జనం వాళ్ళు. మనం ఏదో ఒకటి అంటించి రావడం న్యాయం కాదు.

లెక్కలమాస్టారు
ఈ చర్చలో నేను చదివిన వాటిలో నన్ను బాగా కదిలించినది ఇదే. ధన్యవాదాలు.

శరత్‌వెన్నెల
మూడో వంతు... అత్తయ్యకూ మావయ్యకూ ఇప్పుడే చదివి చెప్పాను. మావయ్య "దగ్గు ఉంటే నేనే ఆగిపోతాను, మీరు చెప్పక్కర లేదు" అన్నారు.

నీలాంబరి
తిరిగి వచ్చేటప్పటి సంగతి. చెక్క బొమ్మలు, గింజల దండలు, ఆకు బుట్టలు ఏవి కొన్నా ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు నింపే ప్రయాణికుల కార్డు మీద "ఉంది" అని రాయండి. చూసి, చాలావరకు ఇచ్చేస్తారు. దాచితేనే జరిమానా. పగడం ముక్కలు, పెద్ద ఆల్చిప్పలు ఊరికే దొరికినా తేవద్దు, వాటికి అంతర్జాతీయ అనుమతులు కావాలి.

గోరింటాకు
డబ్బు ఏ రూపంలో?

నీలాంబరి
ఆస్ట్రేలియా డాలర్లు తీసుకుంటారు, చిన్న నోట్లు పెట్టుకోండి. కార్డు పనిచేస్తుందని నమ్ముకోకండి. వంద నోటు ఇస్తే చిల్లర కోసం ఆవిడ నాలుగు దుకాణాలు తిరగాలి.

పగడపుతోట
బిస్లామాలో నాలుగు మాటలు నేర్చుకోండి, ముఖాలు వెలిగిపోతాయి. "హలో" హలోనే. కృతజ్ఞతకు "తాంక్యు తుమస్". ఇది ఎంత అని అడగడానికి "హమస్ లోంగ్ హెమియా?". వెళ్ళేటప్పుడు "లుకిం యు". ఫొటో తీసే ముందు కెమెరా చూపించి కళ్ళతో అడిగినా చాలు. పిల్లల్ని తీయాలంటే తల్లిని అడగండి. ఈత దుస్తులతో నీళ్ళ దగ్గర ఫరవాలేదు, దుకాణాల వైపు వచ్చేటప్పుడు పైన ఒక చీర ముక్కో లుంగీయో చుట్టుకోండి. వాళ్ళ ఆడవాళ్ళు వేసుకునే వదులు గౌన్లు చూస్తే మీకే తెలుస్తుంది.

శరత్‌వెన్నెల
ఒక్క మాట అడగాలి. నా ఫొటోల్లో ఆ పెద్దావిడ దుకాణం ఒక పక్కగా పడింది. చాప అంచుకు ఎర్ర గళ్ళు ఉన్నాయి, గుర్తుపట్టగలను. వెళ్ళి ఆ ఎనిమిది డాలర్లు ఇచ్చేస్తే తప్పుగా అనుకుంటారా?

పగడపుతోట
ఎనిమిది డాలర్లు చేతిలో పెడితే ఆవిడకు అర్థం కాదు, ఇబ్బంది పడతారు. ఆ బుట్టనే వెంట తీసుకెళ్ళి భుజాన వేసుకుని దిగండి. ఆవిడ అల్లిక ఆవిడకు తెలియకుండా ఉండదు. ఇంకొకటి కొనండి, ఎంత చెబితే అంత.

ఉప్పుగాలి
కానీ ఆ బుట్టను మళ్ళీ దీవికి తీసుకెళ్ళనిస్తారా, ఆస్ట్రేలియాలో ఉండి వచ్చిన ఆకు అల్లిక కదా?

పగడపుతోట
మంచి మాట గుర్తు చేశారు. బుట్ట ఇంట్లోనే ఉండనివ్వండి. ఫొటో తీసి చూపించండి, దాంట్లో మీరు ఏం పెట్టుకున్నారో కనబడేలా.

శరత్‌వెన్నెల
అత్తయ్య ఉల్లిపాయలు పెట్టారు. అదే తీస్తాను.

చిన్నిఅల
మేమూ జులైలోనే. ఆఖరి పడవ మూడున్నరకి అని మా కాగితంలో ఉంది. అది ఫోనులో టైమా, ఓడ టైమా?

ఉప్పుగాలి
ఓడ టైము. జులైలో వనువాటు సిడ్నీ కంటే గంట ముందు ఉంటుంది, ఫోను ఎటైనా మారవచ్చు. ఓడలోని గడియారం చూసి చేతి గడియారం పెట్టుకోండి. ఆఖరి పడవ దాకా ఉండకండి, ఎండలో వరుస చాలా పొడుగు.